బొటనవేలి సాక్ష్యం

మూడో స్క్రూ కూడా సరిగ్గా అక్కడే విరిగింది, తలకాయ కిందే.

బుధవారం పొద్దున పదింటికి క్లినిక్ వైపు కిటికీలోంచి ఎవరో దాన్ని చిన్న ప్లాస్టిక్ సంచీలో పెట్టి ల్యాబ్ బల్ల మీదకి తోశారు. సంచీకి ఒక కాగితం పిన్ను చేసి ఉంది. కాగితం పైన 'రోగి అలవాట్లు' అని అచ్చు. దాని కింద డాక్టర్ గెల్లెర్ట్ చేతిరాత: 'పొద్దుతిరుగుడు గింజలు కొరుకును, అందువల్ల విరిగింది.' ఆ కింద సంతకానికి గీత. గీత మీద ఏమీ లేదు.

ఎనికో స్క్రూని పట్టకారుతో ఎత్తి దీపం కింద పెట్టింది. సొరుగులోంచి ఇంకో రెండు సంచీలు తీసింది. మూడు తలకాయలనీ వరసగా పేర్చింది. పద్నాలుగు నెలల్లో మూడు స్క్రూలు, ఒకే నోట్లో, ఒకే పన్ను కింద. మూడింటినీ ఒకే కత్తితో ఒకే కసాయివాడు నరికినట్టుంది.

"దహనమా, ఖననమా?" అన్నాడు పక్క బల్ల మీంచి ఒట్టో. పళ్లు చెక్కే యంత్రాన్ని నడిపేది ఒట్టోనే. యంత్రం ఆగినప్పుడల్లా అతని నోరు నడుస్తుంది.

ఓవార్‌లో ఇలాంటి ల్యాబులకి లోటు లేదు. సరిహద్దు అవతల నుంచి ఆస్ట్రియావాళ్లు పొద్దున్నే పళ్లు లేకుండా బస్సు దిగి, సాయంత్రం ఇకిలించుకుంటూ బస్సెక్కుతారు. ఈ ఊళ్లో గుడ్డిగా రాయి విసిరితే పళ్ల డాక్టరుకి తగులుతుంది. తగిలి ఆయన పన్ను ఊడినా పరవాలేదు, పక్క గుమ్మంలోనే కట్టేస్తారు. అన్ని ల్యాబుల మధ్య ఈ ల్యాబుకి ఒక పేరుందంటే అది ఎనికో బొటనవేలి వల్ల.

కట్టుడు పన్నుకి ఇక్కడివాళ్లు చెప్పుకునే భాగాలు మూడు. ఎముకలో నాటేది వేరు. వేరు లోపలి గరాటులోకి దిగేది మెడ. పైకి కనబడి నవ్వేది తొడుగు. మెడని వేరులోకి లాగి పట్టుకునేది బియ్యపుగింజంత స్క్రూ. మెడని వేరులో కూర్చోబెట్టి ఎనికో బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, అటొకసారి ఇటొకసారి కదిపి 'కూర్చుంది' అందంటే అది కూర్చున్నట్టే. ఎనిమిదేళ్లుగా ఎవరూ మారు మాట్లాడలేదు. ఆ వేలి కింద ఒక వెంట్రుక పెడితే అది ఎవరి తలదో, ఆ తల చివరిసారి ఎప్పుడు స్నానం చేసిందో కూడా చెప్తుందని ఒట్టో ఊరంతా చాటాడు. ఎనికో కాదనలేదు.

డాక్టర్ గెల్లెర్ట్ మాస్కు గడ్డం కిందకి లాక్కుంటూ లోపలికొచ్చాడు. ఆయన ఎక్కడికొచ్చినా వెళ్లిపోతున్నట్టే ఉంటాడు.

"చూశావా?"

"చూశానండీ. మూడూ ఒకేచోట విరిగాయి."

"ఒకే మనిషి ఒకేలా కొరుకుతుంటే ఒకేచోట కాక ఇంకెక్కడ విరుగుతాయి? రెండు ముక్కలు రాసిచ్చెయ్. భాగాలు బాగున్నాయి, బిగింపు సరిగ్గా ఉంది, అంతే. సోమవారం ఆ వేరు తీసేస్తా."

"వేరు కదుల్తోందా?"

"అది కదిలితే చేత్తోనే లాగేద్దును. కదలట్లేదు. చుట్టూ ఎముక తవ్వి తీయాలి."

"తీశాక?"

"తీశాక ఆ ఎముకలో మళ్లీ నాటడానికి చోటుండదు. అటొకటి, ఇటొకటి పన్ను అరగదీసి వంతెన కట్టడమే."

"ఆ రెండూ మంచివేనా?"

"పాతికేళ్లవాళ్లకి కూడా అలాంటి పళ్లు నేను చూడలేదు," అన్నాడు, సొంత ఆస్తి పోతున్నట్టు.

అప్పుడే బయటి గదిలో గొంతు లేచింది. ఎనికో కిటికీలోంచి తొంగిచూసింది. పొట్టిగా, గట్టిగా ఉన్న పెద్దాయన. ప్యాంటు కాలికి సైకిలు క్లిప్పు. గోళ్ల సందుల్లో ఎన్ని సబ్బులొచ్చినా వదలనని పంతం పట్టిన నల్ల గ్రీజు. కాలవ గట్టున సైకిళ్లు బాగుచేసే వెండెల్.

"నలభై ఏళ్లుగా రిపేర్లు చేస్తున్నానమ్మా," అంటున్నాడు బల్ల దగ్గరి అమ్మాయితో. "బోల్టు విరిగిందని ఎవడైనా వస్తే, వాడు పొద్దున్నేం తిన్నాడో నేనెప్పుడూ అడగలేదు. బోల్టునే చూశాను."

డాక్టర్ గబగబా బయటికి నడిచాడు. "వెండెల్‌గారూ, ఉత్త సంతకమే. ఫైలు మూయడానికి."

"మూసుకోండి. నేనొద్దన్నానా? నా సంతకం లేకుండా మూసుకోండి."

"గింజలు కొరుకుతారా లేదా?"

"కొరుకుతాను. ఊపిరి కూడా పీలుస్తాను. అది కూడా రాసుకోండి."

"మరి సంతకానికేం?"

"అందువల్ల విరిగిందని ఉంది కదండీ కాగితంలో. నాకు తెలీని దాని కింద నేను పేరు పెట్టను. సోమవారం వస్తాను, నోరు తెరుస్తాను, మీరు తవ్వుకోండి. చెయ్యి మాత్రం నాది."

ఆయన వెళ్లిపోయాడు. ఎనికో కుర్చీలో కూర్చుని రిపోర్టు కాగితం ముందేసుకుంది. 'భాగాలు బాగున్నాయి' అని రాసింది. 'బిగింపు' దాకా వచ్చి కలం పక్కన పెట్టింది. లేచి నీళ్లు తాగింది. మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది.

"కుర్చీలో మేకులున్నాయేంటే?" అన్నాడు ఒట్టో.

మూడు తలకాయలున్న సంచీ కోటు జేబులో వేసుకుని ఇంటికెళ్లింది. గురువారం తెచ్చింది, తీసుకెళ్లింది. శుక్రవారం కూడా అంతే. నడిచినప్పుడల్లా జేబులో గలగలమంటుంటే దాన్ని చేతిరుమాల్లో చుట్టింది. అప్పుడు చప్పుడు ఆగింది, కానీ ఆగిందన్న సంగతే పదేపదే గుర్తొచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఊరి చివర మైదానంలో ఫుట్‌బాల్ ఆట. వెండెల్ ఒక్క ఆటా వదలడని ఒట్టో చెప్పాడు. కళ్లతో చూడకుండా రాయడానికి చెయ్యి రాలేదు గనక ఎనికో వెళ్లి, ఆయనకి రెండు వరసల పైన, పక్కగా కూర్చుంది.

మైదానంలో ఘోరం జరుగుతోంది. మొదటి పావుగంటలోనే మూడు గోల్స్ పడ్డాయి, మూడూ మన వలలోనే. మన గోల్‌కీపరు బంతికి దారివ్వడంలో చూపించే మర్యాద పెళ్లిళ్లలో మగపెళ్లివారికి కూడా దక్కదు. చుట్టూ జనం కాగితం పొట్లాల్లోంచి పొద్దుతిరుగుడు గింజలు తీసి కొరికి పొట్టు ఉమ్ముతున్నారు. బెంచీల కింద పొట్టు చీలమండల దాకా పేరుకుంది. ఇంకో రెండు గోల్స్ పడితే మోకాళ్ల దాకా వస్తుంది.

ఎనికో ఆట చూడలేదు. వెండెల్ దవడనే చూసింది. గింజ రెండు వేళ్ల మధ్య నిలబడుతుంది, పళ్ల మధ్యకెళ్తుంది, టిక్కుమంటుంది, పొట్టు బయటికొస్తుంది. యాభై దాకా లెక్కపెట్టాక కళ్లు చిట్లించింది. నూరు దాకా వెళ్లాక ముందుకి వంగింది. రెండు వందల పద్నాలుగో గింజ దగ్గర ఆయన వెనక్కి తిరిగాడు.

"కిటికీలోంచి చూసిన పిల్లవి కదూ నువ్వు? కిందకి రా. అక్కణ్ణించి చూస్తే నీ మెడ పట్టేస్తుంది."

ఎనికో దిగి పక్కన కూర్చుంది. చెవులు ఎర్రబడ్డాయి. "బాబాయ్, మీరు ఎడమవైపే కొరుకుతున్నారు."

"పుట్టినప్పట్నుంచీ."

"విరిగింది కుడివైపు."

"అవునా? నాకు తెలీదే," అన్నాడాయన, ఇంకో గింజ ఎడమవైపు పెట్టుకుంటూ.

"డాక్టరుగారికి చెప్పలేదేం?"

"ఆయన అడిగింది గింజలు తింటావా అని. ఎటు తింటావని అడగలేదు. అడిగేదాకా చూద్దామనుకున్నా. పద్నాలుగు నెలలైంది."

ఇంకో గోల్ పడింది. ఎవరూ తిట్టలేదు కూడా. వెండెల్ పొట్లం మడిచి లేచాడు. "పద. మిగతా సగం నేను చెప్పేస్తాను, ఓడిపోతాం. నీకొకటి చూపించాలి."

ఆయన షెడ్డు కాలవ గట్టున, సైకిలు దారి పక్కనే. లోపల చక్రాలు దూలాలకి వేలాడుతున్నాయి. వెండెల్ బల్ల మీద ఒక ఇరుసు బిగించి పెట్టాడు. ఇరుసు కొస నలుచదరంగా, చివరికి పోనుపోను సన్నంగా ఉంది. డబ్బాలోంచి రెండు పెడల్ కడ్డీలు తీసి ఆమె చేతికిచ్చాడు. రెండిటికీ నలుచదరం కన్నాలు.

"ఈ ఇరుసుది ఏదో చెప్పు. చేత్తో చూడు, నీ వేలి గురించి ఒట్టోగాడు నాక్కూడా చెప్పాడు."

ఎనికో మొదటిదాన్ని ఎక్కించింది. బొటనవేలితో నొక్కింది, అటూ ఇటూ కదిపింది. తీసి రెండోది ఎక్కించింది. నొక్కింది, కదిపింది.

"రెండూ సరిపోయాయి."

వెండెల్ నవ్వలేదు. "నేనూ అలాగే అన్నాను పాతికేళ్ల కింద. కడ్డీ ఊడి ఒకాయన మోకాలు చిప్ప పగిలింది. ఈ కంపెనీవాళ్లొక వాలు పెట్టారు, ఆ కంపెనీవాళ్లింకో వాలు పెట్టారు. తేడా ఎంతంటే చేతికి తెలీనంత. వంద కిలోమీటర్లు తొక్కాక బోల్టుకి తెలుస్తుంది."

"బోల్టుకే ఎందుకు?"

"బరువు మోయాల్సింది గోడలమ్మా. కన్నం గోడ, ఇరుసు గోడ పొడుగునా అంటుకుంటే తొక్కిన తొక్కంతా వాటిలోకి పోతుంది. బోల్టు పని లాగి కూర్చోబెట్టడమే. గోడలు అంటుకోలేదనుకో, తొక్కినప్పుడల్లా కడ్డీ రోకల్లా ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ వంగేది బోల్టు. పెద్దవాళ్లంతా చేతులు కట్టుకు కూర్చుంటే చిన్నకోడలి నడుం విరిగినట్టు." ఆయన ఒక విరిగిన బోల్టు చూపించాడు. తలకాయ కిందే విరిగింది.

ఎనికో చెయ్యి జేబులోకి పోయి చేతిరుమాలుని పట్టుకుంది. "మరి చేతికి తెలీనప్పుడు మీరెలా కనుక్కుంటారు?"

"గ్రీజు పూస్తాను. బిగించి, ఊడదీసి చూస్తాను. అంటుకున్నచోట మచ్చ పడుతుంది, అంటుకోనిచోట పడదు. గ్రీజుకి నా మీద గౌరవం లేదు. అందుకే నిజం చెప్తుంది."

కాలవ వంతెన దాటుతూనే ఎనికో ఒట్టోకి ఫోన్ చేసింది. "డాక్టర్ చవకరకం నకిలీ మెడలు కొన్నట్టున్నాడు. గోడలు అంటుకోవట్లేదు. సోమవారం ఆయన ముఖం మీదే చెప్తా, చూస్తుండు."

"చెప్పు చెప్పు," అన్నాడు ఒట్టో. "నీ కుర్చీ మాత్రం నాకు రాసిచ్చి వెళ్లు. దాని చక్రాలు బాగుంటాయి."

ఆదివారం పొద్దున చర్చి గంటలు మోగుతుండగా ఎనికో ల్యాబ్ తలుపు తీసింది. కోటు విప్పలేదు. వెండెల్ పేరున్న పెట్టెలోంచి ఆయన దవడ అచ్చు తీసి, అందులో బిగించి ఉన్న నకలు వేరుని శుభ్రంగా తుడిచింది. మూడు స్క్రూలనీ బలిగొన్న మెడ అదే పెట్టెలో ఉంది. గ్రీజు లేదు గనక చేతిసంచీలోంచి లిప్‌స్టిక్ తీసింది. ఎర్రది, పండగలప్పుడు మాత్రమే వేసుకునేది. మెడ చుట్టూ పలచగా పూసింది. వేరులో దింపింది, స్క్రూ వేసి లెక్క ప్రకారం బిగించింది, విప్పింది, పైకెత్తి వేరు లోపల భూతద్దంతో చూసింది.

అడుగున సన్నటి ఎర్ర ఉంగరం. పైనంతా తెల్లగా, నోరు కూడా తడవనట్టు.

ఆమె గట్టిగా నవ్వింది. ఖాళీ గదిలో ఆ నవ్వు ఆమెకే నచ్చలేదు. సొరుగు లాగి బూడిద రంగు మూతల డబ్బీలున్న అరలోంచి ఇంకో మెడ తీసింది, పూసింది, బిగించింది, విప్పింది. ఈసారి గరాటు పైనుంచి కిందదాకా ఎర్రగా నిండింది.

ఇంకేం, దొరికాడు. నకిలీ ఎక్కణ్ణించి వచ్చిందో తెలియాలంటే పనికాగితం చూడాలి. పెట్టె అడుగు నుంచి తీసి మడత విప్పింది.

నకిలీ కాదు. అసలు కంపెనీ ముక్కే, నంబరు పక్కాగా ఉంది. కాకపోతే నీలం మూత నంబరు. నీలం మూతవి పాత రకం వేర్లకి. వెండెల్ దవడలో ఉన్నది కొత్త రకం, దానికి బూడిద మూతవి. రెండిటికీ స్క్రూ ఒకటే, పొడుగు ఒకటే, కొస ఆకారమూ ఒకటే. వాలులో ఒక్క డిగ్రీ తేడా. 'సొరుగులోంచి తీసినవారు' అన్న గడిలో గుండ్రటి అందమైన చేతిరాత: ఎనికో. పక్కన మార్జిన్లో అదే చేతిరాత: 'వేలితో చూశాను. కూర్చుంది.' కింద మొదటి స్క్రూ మార్చిన తేదీ: 'వేలితో చూశాను. కూర్చుంది.' రెండో తేదీ: 'కూర్చుంది.' అప్పటికి వేలితో చూశానని రాయాల్సిన అవసరం కూడా పోయింది.

ఆమె లేచి గది ఆ చివరికి నడిచింది, ఈ చివరికి నడిచింది. కిటికీ తెరిచి మూసింది. దారి ఒకటి బల్ల మీదే ఉంది. బూడిద మూత మెడని పెట్టెలో వేసి, పాతదాన్ని జేబులో వేసుకుని, రేపు 'ఇంకోటి ప్రయత్నిద్దామండీ' అంటే చాలు. వేరు బతుకుతుంది, రెండు పళ్లూ బతుకుతాయి. వెండెల్ గింజల మీద నింద మాత్రం ఫైల్లో ఉండిపోతుంది. గింజలకి కోర్టుకెళ్లే ఓపిక లేదు.

పెట్టె మూత పెట్టేసింది. మళ్లీ తీసింది. ఆ కాగితం మీది తేదీ కళ్లకి తగుల్తోంది. ఆ వారం సొరుగులన్నీ ఖాళీ చేసి, కడిగి, ముక్కలు మళ్లీ అరల్లో సర్దింది ఎవరు? తనే; అరలు తారుమారైతే ఇంకొందరికీ ఇలాగే వెళ్లి ఉండాలి. ఎనికో పనుల పుస్తకం దించి ఆ నెల పేజీలు తిప్పింది. వేలు వరసల మీద జారుతూ ఒక్కోచోట ఆగింది. ఆగిన ప్రతిచోటా ఒక పేరు చిన్న చీటీ మీద రాసుకుంది. చర్చిలోంచి జనం ఇళ్లకెళ్లి, భోజనాలు చేసి, మళ్లీ షికారుకి బయల్దేరేసరికి చీటీ మీద ఆరు పేర్లు ఉన్నాయి.

సోమవారం తొమ్మిదింటికి వెండెల్ మెడలో నీలం గుడ్డతో కుర్చీలో వెల్లకిలా ఉన్నాడు. పళ్లెంలో బోలు డ్రిల్లు మెరుస్తోంది. డాక్టర్ సూదిలోకి మందు లాగుతున్నాడు. ఎనికో తలుపు తట్టకుండానే లోపలికొచ్చింది. చేతిలో దవడ అచ్చు, రెండు మెడలు, లిప్‌స్టిక్.

"పెళ్లికి తయారవుతున్నారా ఎవరైనా?" అన్నాడు వెండెల్.

"డాక్టర్‌గారూ, మందు ఇవ్వకండి. ముందు ఇది చూడండి."

ఆమె ఏమీ వివరించలేదు. పళ్లెం పక్కన అచ్చు పెట్టి, మొదటి మెడకి పూసి, బిగించి, విప్పి, భూతద్దం ఆయన చేతికిచ్చింది. తర్వాత రెండోదానికి. డాక్టర్ చూశాడు. మళ్లీ మొదటిది అడిగి చూశాడు. సూది పళ్లెంలో పెట్టాడు.

"ల్యాబ్ తప్పంటావా?" గొంతు తగ్గింది.

"ల్యాబ్ కాదండీ. నాది. వేరే అరలోది తీశాను. మొదట బిగించినప్పుడూ, రెండుసార్లు స్క్రూ మార్చినప్పుడూ నేనే చూశాను."

"దేంతో చూశావు?"

ఎనికో బొటనవేలు చూపించింది.

వెండెల్ కుర్చీలో లేచి కూర్చున్నాడు, మెడలో గుడ్డ పక్కకి ఒరిగింది. శనివారం ఆమెని పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి ముఖం కాదది. "అంటే షెడ్డులో రెండూ సరిపోయాయన్నప్పుడు నువ్వు సరదాకి అనలేదన్నమాట."

"లేదు బాబాయ్."

"ఇంకో గంటయితే నా దవడ తవ్వేవాళ్లు."

"అవును."

"అయితే లోపల చూడండి," అన్నాడాయన డాక్టర్‌తో. డాక్టర్ ముందుకి వంగి, ఆయన నోట్లో అద్దం పెట్టి, వేరు లోపలికి దీపం వేశాడు. "అడుగున కొంచెం గీసుకుపోయింది. పైగోడ బాగుంది. దీనికి సరైన మెడ వేస్తే..." మాట మధ్యలో ఆపి ఎనికో వైపు తిరిగాడు. "ఆ అరలోంచి ఇంకేమైనా వెళ్లాయా?"

ఎనికో చీటీ ఇచ్చింది. "ఆరు. ఇంకా ఏదీ విరగలేదు."

"విరగకపోతే మరి..." అన్నాడు డాక్టర్. అని, కుర్చీలోంచి తనకేసే చూస్తున్న మనిషిని చూసి, మిగతాది మింగేశాడు.

"ఆ కాగితం ఇలా ఇయ్యండి," అన్నాడు వెండెల్.

"ఏ కాగితం?"

"గింజల కాగితం."

కాగితం ఆయన చేతికి రాకముందే ఎనికో అందుకుంది. పైనున్న 'రోగి' అన్న మాట కొట్టేసి 'టెక్నీషియన్' అని రాసింది. గింజల వాక్యం కొట్టేసింది. ఆ కింద రాసింది: 'వేలికి సరిపోతే సరిపోయిందనుకొనును.' గీత మీద సంతకం పెట్టింది. ఇలాంటి కాగితం ఫైల్లో ఎలా పెట్టాలని డాక్టర్ గొణిగాడు. వెండెల్ చదివాడు. కలం తీసుకుని, అయిదు రోజులు మొండికేసిన ఆ గీత పక్కనే, గ్రీజు మరక అంటుకునేలా తన పేరు కూడా పెట్టాడు.

"నేను చూశాను గనక," అని వెనక్కి వాలి నోరు తెరిచాడు. "కానివ్వు. గ్రీజు పూసే బిగించు."

బూడిద మూత మెడ దిగింది. బిగింపు లెక్క డాక్టర్ చదివాడు, ఎనికో రాసుకుంది. మూడుసార్లు ఆమె చెయ్యి దానంతటదే ఆ మెడ వైపు వెళ్లబోయింది. మూడుసార్లూ కోటు జేబులో పెట్టుకుంది.

పదిన్నరకి ల్యాబులో చీటీ ముందు పెట్టుకుని ఫోన్ తీసింది. ఒట్టో యంత్రం ఆపేశాడు, కానీ నోరు తెరవలేదు. మొదటి పేరు వియన్నాలో ఉండే లైట్‌నర్ అనే పెద్దావిడది. ఆరోసారి మోగాక ఎత్తింది.

"అమ్మా, ఓవార్ నుంచి మాట్లాడుతున్నాను. మీ కింది పన్ను ఒకసారి చూడాలి. వీలైనంత త్వరగా రాగలరా?"

"ఎందుకమ్మాయ్? బ్రహ్మాండంగా ఉంది. ఉండు." ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు, మళ్లీ ఎత్తిన చప్పుడు. "ఇదిగో, ఇప్పుడే వేలితో గట్టిగా నొక్కి చూశాను. రాయిలా కూర్చుంది."

"అందుకేనమ్మా," అంది ఎనికో. "రేపే రండి."